వానొస్తే ఆగిపోయే కంప్యూటరు

కోడలు రమాకుమారి కిటికీ గది మీద కన్నేసిందని పక్కింటి ముసలమ్మ అన్నదట. దుర్గా పూజా పండగ రాకముందే మామగారి మంచం వరండాలోకి వస్తుందట. ఆ గదిలో కంప్యూటరు పెట్టి, అది చల్లగా ఉండటానికి ఇంకేదో మిషను కూడా తగిలిస్తారట. ఇదంతా కల్పన కాదట. గోడ పక్కన బట్టలారేస్తుంటే రమాకుమారి ఫోనులో "కిటికీ గదైతే గాలాడుతుంది" అనడం తన రెండు చెవులతోనూ విన్నదట. "పెట్టెకి గాలి, మనిషికి వరండా! ఇలాటి ఇడ్డూరం ఎక్కడైనా సూసినామేటి?" అని బుగ్గలు నొక్కుకున్నదట.

ఆదివారం పొద్దున్నే ఈ కబురంతా అమ్మన్నమ్మ టీ గ్లాసుతో పాటు తెచ్చి మొగుడి ముందు పెట్టింది. పక్కన ఉల్లిపాయ ముక్కలు కలిపిన మరమరాల గిన్నె కూడా పెట్టింది. కూర్మయ్య మంచం మీద కూర్చుని కిటికీలోంచి గంగ వైపు చూస్తున్నాడు. ఓడరేవు పక్కనున్న బెంగాలీ పేట మెటియాబ్రుజ్‌లో ఆ వీధిలో గంగ కనిపించే కిటికీ ఉన్న ఇళ్లు తక్కువ. కూర్మయ్య వయసంతా ఓడలొచ్చే డాకు గోడౌన్లలో మూటలు మోస్తూ గడిచింది. మోతగాడికి మాట దండగ, ఊపిరి ఖర్చు. ఆ అలవాటు పని మానేశాక కూడా పోలేదు.

"ఇంటన్నావా?"

"ఇంటన్నాను."

"ఏటింటన్నావు? రేపు నీ మంచం వరండాలోకి ఈడ్సీసినప్పుడు కూడా ఇలాగే ఇంటావు!"

కూర్మయ్య మరమరాలు నోట్లో వేసుకుని, అవతలి ఒడ్డు మీద కమ్ముకొస్తున్న మబ్బును చూశాడు. "వానొచ్చీలాగున్నాది," అంటూ లేచాడు.

"మాటాడుతుంటే ఎక్కడికయ్యా?"

"ఇక్కడికే."

లుంగీ ఎగ్గట్టుకుని లోపలికి వెళ్లిపోయాడు. నచ్చని మాట వస్తే లేచిపోవడం ఈ మనిషికి మొదటి నుంచీ ఉన్నదే అనుకుని అమ్మన్నమ్మ ఖాళీ మంచంతోనే మిగతా మాట చెప్పుకుంది.

ఆ ఇంట్లో గదులు మూడు. వీధి గదిలో కొడుకు ఢిల్లీశ్వరరావు, కోడలు. చివర కిటికీ గది ముసలాళ్లది. నడిమి గదికి కిటికీ లేదు. పైన సిమెంటు రేకు, పక్కన వంటిల్లు. వేసవిలో అప్పడం బయట పెడితే వేగకపోవచ్చు గాని, ఆ గదిలో పెడితే వేగేటట్టుంటుంది. రమాకుమారి కంప్యూటరు ఆ గదిలోనే ఉంది. బల్ల మీద తెర, బల్ల కింద గోడవారగా నల్లటి పెట్టె.

రమాకుమారిది టెక్కలి. డిగ్రీ చదివింది. మెటియాబ్రుజ్ అంతా దర్జీ కార్ఖానాలు కదా, ఇప్పుడు వాటిలో పూలు కుట్టేది చేతులు కాదు, మిషన్లు. ఏ పువ్వు ఎక్కడ, ఏ రంగు దారం ముందు, సూది ఎటు తిరగాలి అన్నది ముందుగా కంప్యూటరులో గీసి ఇస్తే మిషను ఆ ప్రకారం కుట్టేస్తుంది. రమాకుమారి ఆ పని నేర్చుకుంది. ఆమె గీసిన మామిడిపిందె అంచుకి ఇక్కడి పెద్ద దర్జీలు, అదే ఒస్తాగర్లు, "వాహ్ బేటీ" అన్నారు కూడా. ఒకసారి కూర్మయ్య గుమ్మం దగ్గర నిలబడి తెర మీద పువ్వు పూయడం చాలాసేపు చూశాడు. "ఇయ్యన్నీ ఎక్కడుంటాయమ్మా?" అని అడిగాడు. "ఈ పెట్టెలోనే మావయ్యా," అని ఆమె కాలితో కింద పెట్టెను చూపించింది. అంతలో అమ్మన్నమ్మ పిలిచింది, ఆయన వెళ్లిపోయాడు. కోడలి పనికి అడ్డు తగలవద్దని అమ్మన్నమ్మ ఆజ్ఞ.

కంప్యూటరు పాతది, ఎవరో వాడి అమ్మింది. ఈ వానాకాలం నుంచి దానికో జబ్బు పట్టుకుంది. బాగా నడుస్తూ నడుస్తూ, ఉన్నట్టుండి పుటుక్కున ఆరిపోతుంది. దాచుకోని పనంతా పోతుంది. రిపేరు కుర్రాడిని పిలిస్తే ఎండ కాసిన రోజు వచ్చాడు, వెనకా ముందూ చూశాడు, గంటసేపు నడిపాడు. "బౌదీ, ఏక్‌దమ్ ఠీక్ ఆచే," అంటూ ఏ లోపమూ లేదని నవ్వి పోయాడు. మర్నాడు వానొచ్చింది. పెట్టె ఆరిపోయింది.

అక్కడ మొదలైంది రమాకుమారి లెక్క. ఎండ రోజుల్లో అత్తగారు ముసలమ్మ అరుగు మీద ఉంటుంది, కంప్యూటరు నడుస్తుంది. వాన రోజుల్లో అత్తగారు ఇంట్లో ఉంటుంది, కంప్యూటరు ఆగిపోతుంది. ఇందులో తెలియకపోవడానికి ఏముంది?

అమ్మన్నమ్మ దగ్గర కూడా అదే లెక్క ఉంది, తిరగేసి. తను ఇంట్లో లేని రోజు చక్కగా నడిచే మిషను, తను కళ్లెదుట ఉన్న రోజే ఎందుకు ఆగుతుంది? చూసేవాళ్లుంటేనే కదా నాటకం! ఈ గది పనికిరాదని చూపించడానికే కోడలు ఆపుతోంది. ఆ తర్వాత కిటికీ గది.

అనుమానం పందికొక్కు లాంటిది. కన్నం ఎక్కడుందో కనిపెట్టేలోపు సగం గింజలు తినేస్తుంది. ఆ ఇంట్లో అత్తాకోడళ్లు కూరల్లో ఉప్పు గురించి తప్ప వేరే మాట మాట్లాడుకోవడం మానేశారు.

ఆ ఆదివారం వాన జోరుగా పట్టుకుంది. ఒస్తాగర్‌కి సాయంత్రానికల్లా చీర అంచు ఇవ్వాలి. "ఇంకోసారి ఆలస్యమైతే పూజా పనంతా వేరేవాళ్లకిస్తాను, ఏమీ అనుకోకు బేటీ," అని ఆయన ముందే చెప్పాడు. రమాకుమారి కొంగు నడుముకి దోపుకుని కూర్చుంది. మామిడిపిందెలు ఒక్కొక్కటే వరస కడుతున్నాయి. చివరి మూల మలుపు తిరుగుతుండగా తెర నల్లబడింది.

కుర్చీ తోసుకుని బయటికి వచ్చింది. నడవలో కరెంటు మీటరు కింద అమ్మన్నమ్మ చెయ్యి పైకెత్తి నిలబడి ఉంది.

"మెయిన్ మీద చెయ్యేటి అత్తమ్మా?"

"మెయినేటి? గొడుగు తీస్తన్నాను!" అమ్మన్నమ్మ మేకుకున్న గొడుగు లాగి చూపించింది.

"ఇంత వానలో ఎక్కడికి ఎల్తారు?"

"నీకు సెప్పి ఎల్లాలేటి? నా ఇంట్లో నా గొడుగు తియ్యడానికి నీ పర్మిషను కావాలా?"

"గొడుగుకి కాదు. నా పని పోయింది. పొద్దున్నుంచీ గీసింది పోయింది. వానొచ్చి మీరింట్లో ఉన్న రోజే పోతోంది. నేనేటనుకోవాలి?"

"ఓలమ్మో! దొంగనా నాను?" అమ్మన్నమ్మ గొడుగు నేలకేసి కొట్టింది. "నువ్వు ఆపుకుని నా మీద పెడతన్నావు. నీ ఎత్తు నాకు తెల్దనుకున్నావేటి? మా ముసలోడి మంచం కదిపితే సూడు!"

"మంచమేటి? మంచం గురించి ఎవరన్నారు?"

"అందరూ అంటన్నారు!"

"ఇలా అయితే వేరే గది చూసుకుంటాం అత్తమ్మా," అంది రమాకుమారి. ఆ మాట వానలో కూడా గట్టిగా వినిపించింది.

సరిగ్గా అప్పుడే ఢిల్లీశ్వరరావు తడిసి ముద్దై లోపలికి వచ్చాడు. వెంట విశాల్ ఉన్నాడు. విశాల్‌ది వరంగల్, ఇక్కడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. తన బండిని హైదరాబాదు నుంచి రైల్లో పార్శిల్ వేయించుకుంటే, షాలిమార్ గూడ్సు యార్డులో పనిచేసే ఢిల్లీశ్వరరావే దాన్ని విడిపించి ఇచ్చాడు. అప్పటి నుంచి అన్నా అంటూ తిరుగుతాడు. ఇవాళ కంప్యూటరుకి కొత్త ప్రాసెసర్ ఏది కొనాలో తేల్చడానికి వచ్చాడు.

"ఎవరికి వేరే గది?" అన్నాడు ఢిల్లీశ్వరరావు. ఇద్దరూ చెరో గోడా చూశారు. "అరే బాబా, గుమ్మంలోకి రాగానే మొదలా! పద విశాల్, నువ్వు చూడు."

విశాల్ నడిమి గదిలోకి వెళ్లి తువ్వాలుతో తల తుడుచుకుంటూ చుట్టూ చూశాడు. గోడ మీద చెయ్యి పెట్టి తీసేశాడు.

"అన్నా, ప్రాసెసర్ల రెండు రకాలు చూసిన. పెద్దది మస్తుగుంటది. వదిన గీసే పెద్ద పెద్ద డిజైన్లు చిటికెల చూపిస్తది. కాని అది ఎంత కరెంటు తాగుతదో అంత వేడి కక్కుతది. దాని మీద పెద్ద కూలర్ పెట్టాలె. చిన్నది జర నిదానం, కాని సల్లగుంటది."

"కూలర్ పెడితే అయిపోతుందిగా? పెద్దదే కొందాం," అన్నాడు ఢిల్లీశ్వరరావు.

"గట్ల కాదన్నా. కూలర్ అంటే ఏంది, ఫ్యానే కదా. ఈ అర్రల గాలే ఉడుకుతున్నది. గా ఉడుకు గాలినే మళ్ల మళ్ల తిప్పుతది. పెద్దది పెట్టాలంటే గాలొచ్చే అర్రన్న ఉండాలె."

"చిన్నది చాలు," అంది రమాకుమారి గుమ్మంలోంచి.

ఢిల్లీశ్వరరావు ఆశ్చర్యంగా చూశాడు. "మొన్నటిదాకా పెద్దది లేకపోతే పని సాగదన్నావు?"

"ఇప్పుడు చాలంటున్నాను. వదిలెయ్యండి."

తలుపు వెనక అమ్మన్నమ్మ చెవులు నిక్కబొడుచుకున్నాయి. కావాలన్నది వద్దంటే దాని వెనక ఏదో ఉంటుంది. సంతలో పశువుల బేరం చేసే నాటి నుంచి ఆమెకి తెలిసిన నీతి అది.

"గాలే కావాలంటే కిటికీ గది ఉందిగా..." అన్నాడు ఢిల్లీశ్వరరావు.

"అద్గదీ!" అమ్మన్నమ్మ తలుపు తోసుకుని వచ్చేసింది. "వొచ్చిందా మాట బయటికి! ముసలమ్మ సెప్తే ఏటోలే అనుకున్నాను. కన్నకొడుకు నోటమ్మటే ఇన్నాను. ఓరి ఢిల్లీ, గోడౌన్లో మూటలు మోసి నిన్ను సదివించిన మనిషిరా! ఆడి గాలి లాక్కుని పెట్టెకి పెడతావేట్రా?"

"అమ్మా, నేనూరికే..."

"నీకు తెల్దు. నీ సేత అనిపించినోలు ఎనకాలున్నారు. ఫోన్లో మాటాడలేదూ, కిటికీ గదైతే గాలాడుతుందని?"

రమాకుమారి ముఖం ఎర్రబడింది. "మాట్లాడాను. తర్వాత ఏమన్నానో కూడా చెప్పిందా మీ ముసలమ్మ?"

"ఆ ఫోను నాతోనే ఆంటీ," అన్నాడు విశాల్ నెమ్మదిగా. "కిటికీ ఉన్న అర్ర ఉందా అని నేనే అడిగిన. ఉంది, గాలాడుతుంది, కాని అది మా మావయ్యది, ఆ మాట ఇంక ఎత్తకు అన్నది వదిన. అన్నకి కూడా చెప్పొద్దన్నది. అందుకే చిన్నదాని రేటు కనుక్కున్న."

రేకు మీద వాన దబదబా కొడుతోంది. అమ్మన్నమ్మ కోడలి ముఖంలోకి చూసింది. కాని అంత దూరం వచ్చిన కోపం ఒక్కమాటకి వెనక్కి పోదు కదా.

"మరైతే ఆపుతున్నదెవులు? నాను ఆపలేదు. నువ్వు ఆపలేదు. దెయ్యమా?"

"నేను చూస్త," అని విశాల్ బల్ల కిందికి దూరాడు. పెట్టె మీద చెయ్యి వేసి, "అబ్బ! పొయ్యి లెక్క కాలుతున్నది," అన్నాడు. ప్లగ్గు పీకి, పెట్టెను మెల్లగా ముందుకు లాగి తిప్పాడు. వెనకవైపు వంగి చూశాడు.

వేడిగాలి బయటికి పోయే జల్లెడ కన్నాలన్నిట్లోనూ గోనె పీచు కుక్కి ఉంది. గాలికి కూడా సందు లేకుండా, బిగించి, వేళ్లతో నొక్కి మరీ కుక్కిన పీచు. విశాల్ లాగుతుంటే తాడులా వచ్చింది.

"ముందు నుంచి సల్లగాలి పోవాలె, వెనక నుంచి వేడిగాలి రావాలె. వెనక మూసేస్తే లోపల ఉడికిపోతది. కాలిపోకముందే అదే ఆరిపోతది. ఎవరో పనిగట్టుకుని పెట్టిన్రు అన్నా."

రమాకుమారి అత్తగారి వైపు చూసింది. విశాల్ కూడా చూశాడు. ఢిల్లీశ్వరరావు చూడకూడదనుకుంటూనే చూశాడు.

"ఒరే," అంది అమ్మన్నమ్మ. "ఒరే ఢిల్లీ, అలా సూడకు. సింహాద్రి అప్పన్న మీద ఒట్టు. ఆ కన్నం ఎక్కడుందో కూడా నాకు తెల్దు. నోటితో అంటాను గాని, కోడలి కూట్లో మట్టి కొట్టీదాన్నేట్రా నాను?"

"నేనేమీ అనలేదమ్మా."

"అన్లేదు. సూసినావు."

ఆమె గోడకి జారగిలబడి కూర్చుండిపోయింది. పొద్దున్నుంచీ అంత అరిచిన మనిషికి ఇప్పుడు ఏడుపు కూడా చప్పుడు చేయకుండా వస్తోంది. రమాకుమారి రెండడుగులు ముందుకు వేసి ఆగింది.

"ఆ పీసు నాది."

కూర్మయ్య గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎంతసేపటి నుంచి ఉన్నాడో ఎవరూ చూడలేదు.

"నువ్వా!" అంది అమ్మన్నమ్మ.

"నానే." ఆయన వచ్చి విశాల్ చేతిలోని గోనె పీచు తీసుకున్నాడు. తడిసిందేమో అన్నట్టు వేళ్లతో నలిపి చూశాడు. "డాకులో అంతే. వానొస్తే గోడౌన్ కన్నాలన్నీ గోనెతో కుక్కీవోళ్లం. గంగ గాలి తడి గాలి. సరుకు తడిసిందంటే మూట మోసినోడిదే తప్పు. వాన వెలిస్తే మళ్లీ తీసీసీవోళ్లం."

"కంప్యూటరులో సరుకేటి నాన్నా?" అన్నాడు ఢిల్లీశ్వరరావు.

"పువ్వులు." కూర్మయ్య కోడలి వైపు తిరిగాడు. "గీసినవన్నీ ఈ పెట్టెలోనే ఉంటాయన్నావు గదమ్మా. నడిసేది పైనున్న టీవీ, కింద పెట్టె గోడౌనే గదా అనుకున్నాను. సప్పుడు కూడా నేదు దానికి. తడిసి పాడైపోతాయని... పొద్దున్నే మీరు వంటింట్లో ఉన్నప్పుడు ఎట్టీసీవోణ్ణి."

రమాకుమారి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. వాన వచ్చిన ప్రతి పొద్దునా, ఈ ముసలాయన నడుం వంచి బల్ల కిందికి దూరి, తన పువ్వులు తడవకుండా కన్నాలు మూశాడు. తను ఆ పక్కనే వంటింట్లో నిలబడి, ఈ ఇంట్లో తన పనికి అడ్డుపడుతున్నది ఎవరా అని పళ్లు నూరుకుంది.

"చెప్పలేదేటి మావయ్యా?"

"సెప్పడానికేటున్నాది? సరుకు సూసుకోడం పనే గదా."

విశాల్ జేబులోంచి బ్రష్షు తీసి లోపలి దుమ్మంతా దులిపాడు. ప్రాసెసర్ మీద కూలర్ విప్పి, మధ్యలో ఎండి సున్నంలా రాలుతున్న, వేడిని లాగే పేస్టు తుడిచి కొత్తది పూశాడు. ప్లగ్గు పెట్టగానే పెట్టె వెనక నుంచి గోరువెచ్చటి గాలి కూర్మయ్య చేతికి తగిలింది. ఆయన అరచెయ్యి అక్కడే ఉంచాడు. "ఊపిరి తీస్తన్నాది," అన్నాడు చిన్నగా.

"ఈ పూటకి పని నడుస్తది వదినా. సాయంత్రం లోపల మళ్ల గీసుకోవచ్చు. కాని కొత్తదేది కొనాలో మాత్రం చెప్పాలె."

అమ్మన్నమ్మ ముక్కు చీది కొంగుతో తుడుచుకుంది. లేచి కోడలి భుజం మీద చెయ్యి వేసింది.

"పెద్దదే కొనుక్కో పాపా. ముసలమ్మ మాట నమ్మి నానా మాటలన్నాను, మనసులో ఎట్టుకోకు. కిటికీ గదిలోనే ఎట్టుకో. మా ముసలోడికేటి, వరండాలో పడుకుంటాడు."

"అయ్యో, వద్దత్తమ్మా! నేనే మిమ్మల్ని దొంగని చేశాను." రమాకుమారి అత్తగారి చెయ్యి రెండు చేతులతో పట్టుకుంది. "మావయ్య గది మావయ్యదే. గాలి లేకపోతే ఆయాసం వస్తుంది ఆయనకి. చిన్నది చాలు నాకు."

"సాలదు! ఒస్తాగర్ ఊరుకుంటాడేటి? ముసలోడికి వరండాలో దోమతెర కట్టిస్తాను."

"వానజల్లు కొడుతుందత్తమ్మా. వద్దంటే వద్దు."

"ఆగండాగండి," అన్నాడు ఢిల్లీశ్వరరావు. కళ్లు తుడుచుకుంటూనే నవ్వుతున్నాడు. "వీధి గది నాన్నకిచ్చేద్దాం. మేమిద్దరం ఇక్కడ సర్దుకుంటాం. కంప్యూటరు కిటికీ గదిలో..."

"మీరిక్కడ ఉడికిపోతారురా! ఆడు వరండాలోనే ఉంటాడు, నాను సెప్తన్నాను గదా!"

ఇందాక కసిరిన గొంతులే ఇప్పుడు ఒకరి కోసం ఒకరు గది వదులుకోవడానికి పోటీ పడుతున్నాయి. మంచం వరండాలోకి వెళ్లింది, వీధి గదిలోకి వచ్చింది, మళ్లీ కిటికీ దగ్గరికి పోయింది. విశాల్ ఒకసారి ఈ ముఖమూ ఒకసారి ఆ ముఖమూ చూస్తున్నాడు. కూర్మయ్య గోనె పీచును ఉండగా చుట్టి బొడ్లో దోపుకున్నాడు.

"ఏటయ్యా, ఉలకవు పలకవు?" అంది అమ్మన్నమ్మ. "వరండాలో పడుకోడానికి నీకేటి బాధ? సెప్పు వీళ్లకి."

కూర్మయ్య పెట్టె వెనక నుంచి చెయ్యి తీశాడు.

"గది నాది. పెట్టె వొస్తే నా మంచం పక్కనే ఎట్టుకుందును, పువ్వులు సూసుకుంటూ పొద్దుపోయేది. ఇన్నాళ్లూ ఆ గది కోసం కొట్టుకున్నారు, ఇప్పుడు ఏడుస్తన్నారు. నన్ను ఒక్కలైనా అడిగినారేటి?"